తెర మీద 710



మీసేవ కేంద్రంలోనో, బ్యాంకు మిత్ర దగ్గరో, బస్టాండు పక్కన ఇంటర్నెట్ దుకాణంలోనో వరసలో నిలబడ్డవాళ్లకు ఒక మాట బాగా తెలుసు. "అవ్వా, నీ తంబు పడ్తలేదు. రేపు రాపో." ఆ అవ్వ వేలిని కొంగుకు తుడుచుకుంటుంది. "నిన్న గూడ గిట్లనే అంటివి గద బిడ్డా" అంటుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ పడదు. రెక్కల కష్టానికి వేళ్లు అరిగిపోయాయని, తప్పు తనదేనని అనుకుంటూ ఆటో ఎక్కుతుంది. రానుపోను కిరాయి దండగ, ఒకరోజు కూలి దండగ.

తప్పు నిజంగా ఆమె వేలిదేనా? కావచ్చు. బండలు కొట్టిన చేతులు, తట్టలు మోసిన చేతులు పాలమూరుకు కొత్తకాదు. అయితే అదే తెర మీద, అదే ఎర్ర అక్షరాలతో వచ్చే మరికొన్ని వైఫల్యాలకు వేలితో ఏ సంబంధమూ ఉండదు. కంప్యూటర్ లోపల నడుస్తున్న రెండు ప్రోగ్రాముల మధ్య మాట కలవక వచ్చే వైఫల్యాలవి. ఆ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగే గుర్తు తెర మీదనే ఉంటుంది, చాలాసార్లు ఒక మూడంకెల సంఖ్యగా. దాన్ని చదవడం నేర్చుకుంటే ఎంతోమందికి తిరుగుడు తప్పుతుంది. ఆ సంఖ్య దాకా పోవాలంటే, ముందు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో కొంచెం తెలియాలి.

కంప్యూటర్‌లో మీరు ఒక బొమ్మ మీద రెండుసార్లు నొక్కారనుకోండి. డిస్కులో పడి ఉన్న ప్రోగ్రాం మెమరీలోకి వచ్చి నడవడం మొదలుపెడుతుంది. యంత్రం పాతది, నెమ్మదిగా ఉంది. ఏమీ జరగలేదనుకుని మళ్లీ నొక్కారు. ఇప్పుడు అదే ప్రోగ్రాం రెండోసారి కూడా నడవడం మొదలవుతుంది. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, కానీ మెమరీలో దేని చోటు దానిదే. ఒకదాని చోటులోకి ఇంకొకటి తొంగిచూడకుండా విండోస్ గానీ లినక్స్ గానీ కాపలా కాస్తుంది. ఆ కాపలా మన మేలుకే. అది లేకపోతే ఆటల ప్రోగ్రాం ఒకటి పక్కన నడుస్తున్న బ్యాంకు ప్రోగ్రాంలోని రహస్య సంఖ్యను చదివేయగలదు. కానీ ఆ కాపలా వల్లనే, మొదటిది ఏ ఫైలు తెరిచిందో, ఏ పరికరాన్ని పట్టుకుందో రెండోదానికి దానంతట అది తెలియదు. తెలియాలంటే ప్రోగ్రాం రాసినవాళ్లు ముందే ఒక దారి ఏర్పాటు చేసి ఉండాలి.

బాగా రాసిన ప్రోగ్రాములు లేవగానే చేసే మొదటి పని ఇదే, "నాకంటే ముందు నేను ఇక్కడ నడుస్తున్నానా?" అని వెతుక్కోవడం. విండోస్‌లో ఇందుకోసం మ్యూటెక్స్ అనే ఏర్పాటుంది. మొదట లేచిన ప్రోగ్రాం ఒక పేరును తన కింద నమోదు చేసుకుంటుంది. రెండోది లేచి అదే పేరు అడిగితే "ఇది ఇప్పటికే ఉంది" అని విండోస్ జవాబిస్తుంది. కాగితాలు టైపు చేసే లిబ్రెఆఫీస్ అనే ప్రోగ్రాం సంగతి చూడండి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు కాబట్టి చాలా దుకాణాల్లో కనిపిస్తుంది. అది ఒకసారి నడుస్తుండగా మీరు ఇంకో దరఖాస్తు మీద నొక్కితే, కొత్తగా లేచినది పాతదాన్ని వెతికి, పైప్ అనే దారిలో ఫైలు పేరును దానికి అందించి, తాను ఆగిపోతుంది. ఆ దరఖాస్తును తెరిచేది పాతదే. తెర మీద నాలుగు కిటికీలు కనిపించినా, లోపల నడిచే ప్రోగ్రాం ఒక్కటే. ఒక కిటికీ బిగుసుకుపోతే మిగతా మూడూ ఎందుకు కదలవో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అటువంటప్పుడు టాస్క్ మేనేజర్‌లోకి పోయి ఆ ప్రోగ్రాంను ఆపేస్తే, మిగతా మూడు కిటికీల్లో సేవ్ చేయని పని కూడా పోవచ్చు. అందుకే ఒక కిటికీ నత్తనడక మొదలుపెట్టగానే మిగతావాటిలో పనిని వెంటనే సేవ్ చేసుకోవాలి.

ఒకే కంప్యూటర్‌లో ఇలా సర్దుకుంటాయి సరే. దుకాణంలో రెండు కంప్యూటర్లు ఉండి, ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటే? రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసేచోట ఇటువంటి ఏర్పాటే ఎక్కువ. అక్కడ లిబ్రెఆఫీస్ ఇంకో పద్ధతి పాటిస్తుంది. మీరు ఫైలు తెరవగానే దాని పక్కనే, మామూలుగా కంటికి కనపడని చిన్న ఫైలు ఒకటి పెడుతుంది. దాని పేరు చుక్కతో, టిల్డేతో, లాక్ అనే మాటతో మొదలై, మీ ఫైలు పేరు మీదుగా సాగి, హాష్ గుర్తుతో ముగుస్తుంది. విప్పి చూస్తే లోపల ఉండేది ఒక్క వరసే: ఎవరు తెరిచారు, ఏ కంప్యూటర్ మీద, ఏ తేదీన, ఎన్ని గంటలకు. రెండో కంప్యూటర్ మీది ప్రోగ్రాం అదే ఫైలు తెరవబోతూ ఈ వరసను చదువుతుంది. "ఫలానావారు దీనిమీద పనిచేస్తున్నారు, చదవడానికి మాత్రమే తెరవమంటారా, నకలు తెరవమంటారా?" అని మిమ్మల్ని అడుగుతుంది. వర్డ్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. దాని గుర్తు ఫైలు టిల్డే, డాలర్ గుర్తులతో మొదలవుతుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వంటి మన ఫ్లోరైడ్ మండలాల్లో ఒకప్పుడు మంచినీళ్ల ట్యాంకరు కోసం వరసలో బిందె పెట్టి ఇంటికి పోయినట్టే ఈ ఏర్పాటు. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క, ఆ వరుస ఎవరూ దాటరు. చిక్కల్లా, కరెంటు పోయి కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోయినప్పుడు వస్తుంది. ప్రోగ్రాం పోతుంది, అది పెట్టిన గుర్తు ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. బిందె ఉంది, మనిషి లేడు. మర్నాడు పొద్దున ఫైలు తెరవబోతే "ఇది వాడుకలో ఉంది" అని వస్తుంది. అప్పుడు చేయాల్సింది ఆ వరసలోని పేరు, తేదీ చూడటం. నిన్నటి తేదీ, మన దుకాణంలోని కంప్యూటరే, దాని మీద ఇప్పుడు ఎవరూ ఆ ఫైలు తెరవలేదు అని నిర్ధారించుకున్నాక ఆ గుర్తు ఫైలును తీసేయవచ్చు. చూడకుండా తీసేస్తే, పక్క కుర్చీలో కూర్చున్న తమ్ముడు అదే దస్తావేజులో సర్వే నంబరు దిద్దుతూ ఉండవచ్చు. మీరు ఇక్కడ హద్దులు దిద్దుతారు. ఇద్దరూ సేవ్ చేస్తారు. చివర సేవ్ చేసినవారిదే మిగిలిపోవచ్చు. సర్వే నంబరు దిద్దుబాటు పోయినట్టు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. భూమి కాగితంలో ఒక అంకె తప్పితే ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలో మన రైతులకు నేను చెప్పక్కర్లేదు.

కాగితాల సంగతి ఇంతటితో వదిలి వేలిముద్ర దగ్గరికి వద్దాం.

ప్రోగ్రాములు మాట్లాడుకునే ఇంకో దారి పోర్టు. ప్రతి కంప్యూటర్‌లో 0 నుంచి 65,535 దాకా పోర్టు సంఖ్యలుంటాయి. ఒక ప్రోగ్రాం వాటిలో ఒకదాన్ని పట్టుకుని, ఆ సంఖ్య మీద ఎవరు పిలుస్తారా అని వింటూ కూర్చుంటుంది. మామూలుగా ఒక సంఖ్య మీద ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే వినగలదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్లకు ట్యాలీ తెలుసు కదా, అది మామూలుగా 9000 అనే సంఖ్య మీద వింటుంది. ఒకే యంత్రంలో ట్యాలీని రెండుసార్లు నడిపి, రెండూ బయటి ప్రోగ్రాములకు జవాబివ్వాలంటే రెండోదానికి వేరే సంఖ్య ఇవ్వాలి. ఇక పిలిచేవాడు, వినేవాడు ఒకే యంత్రంలో ఉంటే 127.0.0.1 అనే చిరునామా వాడతారు. ఆ చిరునామాకు పంపిన మాట యంత్రం దాటి బయటికి పోదు. నెట్ లేకపోయినా పోతుంది, వస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఆధార్ వేలిముద్ర తీసుకునే పరికరాలకు 2017లో ఒక కొత్త నియమం వచ్చింది. అంతకుముందు పరికరం వేలిముద్ర తీసి, దాన్ని ఏ ప్రోగ్రాం అడిగితే ఆ ప్రోగ్రాంకు ఇచ్చేది. ఆ ముద్రను దాచిపెట్టుకుని మళ్లీ వాడే ప్రమాదం ఉండేది. అందుకని రిజిస్టర్డ్ డివైస్ పద్ధతి పెట్టారు. దీనిలో పరికరం తయారుచేసినవాళ్లే ఒక సర్వీసు ప్రోగ్రాం ఇస్తారు. ఆపరేటర్లు దాన్ని ఆర్డీ సర్వీస్ అంటారు. అది కంప్యూటర్‌లో వెనుక నడుస్తూ ఉంటుంది, తెర మీద కనపడదు. వేలిముద్రను తీసి, దానికి రహస్య లిపి తొడిగి, సంతకం చేసి, అప్పుడే బయటికి ఇస్తుంది. మంచి ఏర్పాటు, అందులో నాకు సందేహం లేదు. కానీ దీనితో, ఒక్క ప్రోగ్రాం చేసే పని రెండు ప్రోగ్రాముల మధ్య సంభాషణ అయింది.

ఆ సంభాషణ ఇలా సాగుతుంది. అవ్వ ఆధార్ నంబరు కొట్టి ఆపరేటర్ బటన్ నొక్కగానే, బ్రౌజర్‌లోని పేజీ అదే యంత్రంలో 127.0.0.1 చిరునామాలో 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టులను వరసగా పిలుస్తుంది, "ఇక్కడ ఆర్డీ సర్వీస్ ఉందా?" అని. ఉంటే ఆ సర్వీస్ తన పేరుతో పాటు "సిద్ధం" అనో, "సిద్ధంగా లేను" అనో చెబుతుంది. తర్వాత పేజీ "ఏ పరికరం?" అని అడుగుతుంది. దానికి జవాబు వచ్చాక "ముద్ర తియ్యి" అంటుంది. అప్పుడు గాజు కింద దీపం వెలుగుతుంది. అవ్వ వేలు పెట్టాల్సింది అప్పుడే. చూశారు కదా, ఆ దీపం వెలగకముందే ఎంత మాటామంతీ జరగాలో. ఇందులో ఎక్కడ తెగినా వేలు దాకా పని రానేరాదు.

ఎక్కడ తెగింది అన్నదానికి ఆ సర్వీస్ ఒక సంఖ్య ఇస్తుంది. 710 అంటే పరికరాన్ని ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. 720 అంటే పరికరం సిద్ధంగా లేదు, వైరు వదులైందేమో చూడాలి. 700 అంటే ఇచ్చిన గడువులోగా ముద్ర అందలేదు. ఇవన్నీ మన దుకాణంలో, మన బల్ల మీద, ఆ యంత్రంలో జరిగినవి. ముద్ర ఎక్కడికీ పోలేదు, ఎవరూ సరిచూడలేదు. వీటికి భిన్నమైనది 300. ముద్ర తీసుకున్నారు, పంపారు, ఆధార్ దగ్గర ఉన్నదానితో పోల్చారు, కలవలేదు. "నీ తంబు పడ్తలేదు" అనే మాట న్యాయంగా అనదగ్గది 300 వచ్చినప్పుడే. 710 వచ్చినప్పుడు ఆ మాట అంటే, రెండు ప్రోగ్రాముల తగవును ఒక ముసలామె చేతికి అంటగట్టినట్టే.

710 ఎందుకు వస్తుంది? ఎక్కువగా చూసే కారణాలు చెబుతాను. పొద్దున్నే పరికరం పనిచేస్తోందో లేదో చూడటానికి ఆపరేటర్ దానితో వచ్చిన పరీక్ష ప్రోగ్రాం తెరుస్తాడు. దీపం వెలిగింది, బాగుంది అనుకుని దాన్ని మూసేయకుండా కిందికి దించేస్తాడు. అది ఇంకా పరికరాన్ని పట్టుకునే ఉంటుంది. లేదా ఒక బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ, ఇంకో బ్రౌజర్‌లో ఇంకో సేవ తెరిచి ఉంటాయి. ఒక పేజీ ముద్ర అడిగి ఎదురుచూస్తుండగా ఇంకోటీ అడుగుతుంది. లేదా నేను మొదట చెప్పినట్టు, నెమ్మదిగా ఉందని ఆపరేటర్ బటన్ రెండుసార్లు నొక్కుతాడు. మొదటి పిలుపు ఇంకా గాజు మీద వేలు కోసం చూస్తూనే ఉంది, రెండోది దాని మీద వచ్చి పడింది. ఇంకో రకం చిక్కు కూడా ఉంది. పాత పరికరం చెడిపోయిందని కొత్త కంపెనీది కొంటారు, పాతదాని సర్వీస్ మాత్రం యంత్రంలో అలాగే నడుస్తూ ఉంటుంది. పోర్టులను వరసగా పిలిచే పేజీ మొదట జవాబిచ్చిన పాత సర్వీస్‌నే పట్టుకుంటే, దాని పరికరం అక్కడ లేదు కాబట్టి 720 వస్తుంది. కొత్త పరికరం ఎదురుగా బల్ల మీద భేషుగ్గా ఉన్నా సరే. 710 వచ్చినా నెట్ బాగాలేదని రౌటర్ తీసిపెట్టేవాళ్లున్నారు. ఈ సంభాషణ యంత్రం దాటి పోదని చెప్పుకున్నాం కదా. 710కి నెట్‌తో పని లేదు.

700 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముద్ర కోసం ఎంతసేపు ఆగాలో పేజీయే సర్వీస్‌కు చెబుతుంది. తరచుగా అది 10 సెకన్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన మనిషి చెయ్యి చాచి, వేలు గాజు మీద సమంగా ఆనించడానికి ఆ 10 సెకన్లు చాలకపోవచ్చు. ఆ గడువు రాతిశాసనం కాదు, పేజీ తయారుచేసినవాళ్లు మార్చగలిగిన అంకె. నల్లగొండ జిల్లాలో వాడే పేజీకి ఆ గడువు పెంచమని అడగడం అన్యాయమైన కోరిక కాదు.

మన పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాలకు వేలిముద్ర యంత్రం ఎప్పుడొచ్చిందో ఒకసారి తలుచుకోవాలి. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. కొన్నేళ్లకు కూలి డబ్బు, పింఛన్లు వేలిముద్రతో ఇచ్చే స్మార్ట్‌కార్డులు వచ్చాయి. వాటి ఫలితం తేల్చడానికి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖతంకర్ అనే ఆర్థికవేత్తలు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 8 జిల్లాల్లో, 157 మండలాల్లో పెద్ద పరిశోధన చేశారు. ఆ 8 జిల్లాల్లో నల్లగొండ ఒకటి. 2016లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పింది ఏమంటే, కార్డులు వచ్చిన మండలాల్లో కూలీలకు ఒక్కో చెల్లింపు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, డబ్బు సుమారు 6 నుంచి 10 రోజులు ముందుగా చేతికొచ్చింది. మధ్యలో కారిపోయే డబ్బూ తగ్గింది.  యంత్రం మన జనానికి మేలు చేసిందనడానికి మన నల్లగొండ కూడా ఉన్న ఈ పరిశోధనే రుజువు. అందుకనే నాకు బాధ. 22 నిమిషాలు మిగిల్చిన యంత్రం దగ్గర, తెరిచి మరిచిపోయిన ఒక కిటికీ వల్ల ఒక రోజంతా పోగొట్టుకోకూడదు.

ఆపరేటర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. వేలు పడలేదని చెప్పేముందు తెర మీద సంఖ్య చూడండి. 710 అయితే పరీక్ష ప్రోగ్రాంనూ, అక్కర్లేని బ్రౌజర్ పేజీలనూ మూయండి. దించడం చాలదు, మూయాలి. గడియారం పక్కన ఉండే చిన్న బొమ్మల్లో కూడా చూడండి, కొన్ని అక్కడ దాక్కుంటాయి. అప్పటికీ వస్తే విండోస్ సర్వీసుల జాబితాలో ఆ ఆర్డీ సర్వీస్‌ను ఆపి మళ్లీ నడపండి. వాడని కంపెనీ సర్వీస్ ఉంటే యంత్రం నుంచి తీసేయండి. ఇదంతా మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే కొద్ది నిమిషాల్లో అయ్యే పని. 300 వస్తే అప్పుడు వేరే వేలు పెట్టించండి, చెయ్యి కడిగించండి, కంటిపాపతోనో ముఖంతోనో ఫోనుకొచ్చే ఓటీపీతోనో చేసే వీలున్న సేవ అయితే అలా చేయండి. పదేపదే 300 వస్తుంటే, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకోమని కాగితం మీద రాసివ్వండి.

వరసలో నిలబడేవాళ్లకు కూడా ఒక మాట. "తంబు పడ్తలేదు" అన్నప్పుడు "ఏం నంబరొచ్చింది బిడ్డా?" అని అడగండి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వస్తాయి. 710 గానీ 720 గానీ అయితే "నా ఏలు మంచిగనే ఉన్నది, నీ మిషను చూసుకో" అని నిమ్మళంగా చెప్పవచ్చు.

కొన్ని పేజీలు ఆ సంఖ్యను కూడా మింగేసి, ఉత్త 'ఫెయిల్డ్' అనే ఇంగ్లీషు మాట చూపిస్తాయి. ఇది తయారుచేసినవాళ్ల లోపం. సర్వీస్ చెప్పిన కారణం పేజీ దాకా వచ్చింది, అక్కణ్నుంచి మనిషి దాకా రాలేదు. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, తర్వాత నల్లగొండలో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అక్కడ పనిచేసే మన పిల్లలు ఇటువంటి పేజీలు రాసేటప్పుడు, 710 పక్కన ఈ రెండు వాక్యాలు తెలుగులో పెట్టమని నా విన్నపం: "వేలిముద్ర పరికరాన్ని ఈ కంప్యూటర్‌లోనే ఇంకో ప్రోగ్రాం వాడుతోంది. దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి, ఇందులో వేలు పెట్టినవారి తప్పు లేదు."